కత్తి పట్టిన చేయి – కాలేయ రక్షణము

(ఐ.పోలవరమున జరిగిన మన నాయీబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో మాటలాడవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరినప్పుడు మేము విద్యను గూర్చియో ఐకమత్యమును గూర్చియో ప్రసంగింతుమని వారు తలచియుందురు. ఆ రెండును మనకు ప్రాణతుల్యములే. కాని వానిని చెప్పగల సమర్థులు ఈ వేదికమీద పెక్కురు గలరు. మేమెన్నుకొన్న విషయము వేరు. అది హెపటైటిస్ బి యను కాలేయవ్యాధి. ఈ సంగతి ముందుగా తెలిసికొనిన మా హితులొకరు నిన్న సాయంకాలము మమ్ము కలిసికొని, "ఈ మాట మీరెత్తినచో క్షౌరశాలలవలన జబ్బులు వచ్చునని మనమే చాటినట్లగును. వచ్చు గిరాకి కూడ పోవును. ఇంతకంటె వేరు విషయము దొరకలేదా?" యని మందలించిరి. వారి భయము నిర్హేతుకమని మేమనము. దినమునకు పదిమంది వచ్చినగాని పొయ్యి రాజుకొనని యిండ్లు మనలో నెన్నియో కలవు. అయినను ఆ భయమునకు మౌనము మందు కాదని మా నమ్మకము. ఎందుచేత కాదో విన్నవించుటకే యిచట నిలిచితిమి.

మన తాతలనాటి యడపమును ఒక్కసారి జ్ఞప్తికి దెచ్చుకొనుడు. అందులో కత్తులు, కత్తెర, గోరుగల్లు, సానరాయి, తోలుపట్టె, పటికబిళ్ల, చిన్న యద్దము, ఇత్తడి గిన్నె యుండెడివి. ఆ సామగ్రితోడనే మనవారు క్షౌరము చేసిరి, గోళ్లు తీసిరి, ముండ్లు తీసిరి, కురుపులు కోసి కట్లు కట్టిరి. నాడి చూచి మందిచ్చిన వైద్యులు మనలో నుండిరి. మన స్త్రీలు మంత్రసానులై అర్ధరాత్రివేళ లాంతరు పట్టుకొని లంకలకు బోయి పురుళ్లు పోసిరి. మంగళవాద్యము మన కులవిద్య. మురమళ్లలో వీరేశ్వరస్వామివారికి ప్రతిదినమును కల్యాణమే గదా. పెండ్లియనిన సన్నాయి, సన్నాయియనిన మనవారు. శుభము జరుగు చోటను, దేహమునకు బాధ కలిగిన చోటను మన చేయి యుండెను. ఇది మనకు గర్వకారణము.

అయితే ఆ చేయి రక్తమును తాకు చేయి. కత్తిగాటు మన వృత్తిలో నిత్యమైన సంగతి. ఎంతటి నేర్పరికైనను గడ్డముమీది మొటిమ తెగకమానదు; తన వ్రేలికే గాటు పడకమానదు. కావుననే రక్తముద్వారా వ్యాపించు వ్యాధిని గూర్చి తక్కిన వారికంటె ముందుగా మనము తెలిసికొనవలసియున్నది.

ఆ వ్యాధి యెట్టిదో సంగ్రహముగా మనవి చేయుదుము. మన పల్లెలలో కామెర్లన్నియు ఒక్కటే యను తలంపు గలదు. అది సరికాదు. కలుషితమైన నీటివలనను ఆహారమువలనను వచ్చు కామెర్లకు హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ యను వైరసులు కారణములు. అవి సామాన్యముగా కొలది వారములలో తగ్గిపోవును. హెపటైటిస్ బి నీటివలన రాదు, గాలివలన రాదు. అది రక్తమువలనను దేహద్రవములవలనను వచ్చును. ప్రసవసమయమున తల్లినుండి బిడ్డకు వచ్చును. ఒకరికి వాడిన సూదిని వేరొకరికి వాడుటవలన వచ్చును. పరీక్షింపని రక్తము నెక్కించుటవలన వచ్చును. దాంపత్యమువలన వచ్చును. పచ్చబొట్టు సూదివలనను, చెవులు కుట్టు సూదివలనను, కత్తివలనను, బ్లేడువలనను ఒకరి గాటునుండి మరియొకరి గాటునకు ప్రాకవచ్చును. ఎండిన రక్తపు మరకలో సైతము ఈ వైరసు దేహమునకు వెలుపల కనీసము 7 దినములు జీవించియుండగలదు. కంటికి గానరాని మరక చాలును.

దీని స్వభావమున నొక కపటము గలదు. పెరిగిన వయస్సున సోకినచో నూటికి తొంబదియైదుగురికి పైగా దేహమే దానిని జయించి వెడలగొట్టును. పురిటిలో సోకినచో నూటికి సుమారు తొంబదిమంది బిడ్డలలో అది శాశ్వతముగా నిలిచిపోవును. నిలిచినను ఇరువది ముప్పది యేండ్లు ఏ బాధయు తెలియనీయదు. మనిషి తినును, తిరుగును, కష్టించును. లోపల కాలేయము మెల్లమెల్లగా గట్టిపడును. పొట్టలో నీరు చేరినపుడో, రక్తము కక్కినపుడో, క్యాన్సరు ముదిరినపుడో తెలిసి లాభమేమి? ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల ప్రకారము 2022 సంవత్సరమున లోకములో 25 కోట్ల 40 లక్షలమంది ఈ వైరసుతో జీవించుచుండిరి. ఆ యొక్క సంవత్సరమున 11 లక్షలమంది దీనివలన మరణించిరి. మన దేశమున దీనిని మోయుచున్నవారు దాదాపు 3 కోట్లు. ఇంతకంటె విచారకరమైన సంగతి యేమన, లోకములో నూటికి పదుమూడుగురికి మాత్రమే తమకిది యున్నదని తెలియును. తక్కినవారు తెలియకయే యున్నారు. ఈ సభలో కూర్చున్నవారిలో సైతము అట్టివారుండవచ్చును. మాటలాడుచున్న మేము సైతము పరీక్ష చేయించుకొనువరకు అట్టివారమే.

మేమెరిగిన యొక కుటుంబము సంగతి చెప్పెదము. ఊరు పేరు అక్కరలేదు. చిన్నవాడు తండ్రి దుకాణములోనే పని నేర్చి, కువైటులో క్షౌరశాలలో కొలువు కుదిరెనని సంతోషించెను. మన కోనసీమలో గల్ఫు ప్రయాణ మనిన ఎట్టి యాశయో మీకు చెప్పనక్కరలేదు. అప్పుచేసి ఏజెంటునకు పైకము కట్టిరి. ప్రయాణమునకు ముందు జరుగు వైద్యపరీక్షలో హెపటైటిస్ బి యున్నదని తేలినది. గల్ఫు దేశముల నియమము ప్రకారము అట్టివారు కొలువునకు అనర్హులు. ఒక్క కాగితముతో కొలువు పోయినది. కట్టిన సొమ్ములో సగము పోయినది. కుదిరిన సంబంధము తప్పిపోయినది. ఇంటివారు సిగ్గుచే ఎవరికిని చెప్పలేదు. కత్తివలననే వచ్చియుండునని తండ్రి తన్ను తాను నిందించుకొని దుకాణము తెరచుటయే మానెను. ఒక యేడు పసరు మందులతో గడిపిరి. మణికట్టుమీద వాత కూడ పెట్టించిరి.

తుదకు మేము బలవంతముగా ఎదురులంక వంతెన దాటించి యానాము మీదుగా కాకినాడకు గొనిపోయితిమి. అక్కడి వైద్యులు పరీక్షలు చేసి, కాలేయము చెడలేదనియు, ఇప్పటికి మందుతో పనిలేదనియు, ఆరు నెలల కొకసారి పరీక్ష మాత్రము తప్పరాదనియు చెప్పిరి. పిమ్మట ఇంటివారినందరిని పరీక్షింపుమనిరి. తండ్రికి లేదు. తల్లికి కలదు. చెల్లెలికి కలదు. అనగా ఆ వైరసు వచ్చినది కత్తివలన కాదు. బిడ్డలు పుట్టిననాడే తల్లినుండి వచ్చినది. తల్లికెట్లు వచ్చెనో ఎవరును చెప్పజాలరు. బహుశః ఆమెకును పుట్టుకతోనే వచ్చియుండును. ఎవరి తప్పును లేదు. ఆ మాట వినిన తండ్రి వైద్యునియెదుటనే చిన్నబిడ్డవలె నేడ్చెను. మరునాడు దుకాణము తెరచెను.

కథ యింతటితో ముగియలేదు. ఆ చెల్లెలు గర్భవతి కాగా రక్తపరీక్షలో వైరసు మిక్కుటముగా నున్నదని తేలినది. వైద్యులు కడపటి నెలలలో టెనోఫోవిర్ మాత్రల నిచ్చిరి. ఆసుపత్రిలో కాన్పయిన కొలది గంటలలోనే బిడ్డకు హెపటైటిస్ బి టీకాయు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అను రక్షకద్రవ్యపు సూదియు వేసిరి. తరువాతి టీకాలు వేళ తప్పక వేయించిరి. ఏడు నిండిన తరువాత పరీక్షింపగా బిడ్డకు వ్యాధి లేదు. ఒక వంశములో తల్లినుండి బిడ్డకు దిగుచున్న ఒరవడి ఆ బిడ్డతో నిలిచిపోయినది. మేమీ యుపన్యాసమున కెన్నుకొన్న విషయమునకు కారణము ఆ బిడ్డయే.

ఆ బిడ్డను కాపాడిన టీకా చరిత్ర తెలిసికొనదగినది. 1960 ప్రాంతపు సంవత్సరములలో బారూక్ బ్లూంబర్గు అను అమెరికా శాస్త్రజ్ఞుడు దేశదేశముల ప్రజల రక్తములను శోధించుచు, ఆస్ట్రేలియా ఆదివాసి యొకని రక్తమున ఒక క్రొత్త పదార్థమును కనుగొనెను. అదియే ఈ వైరసు పైపొర యని పిమ్మట తేలినది. ఆయనకు 1976లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన జన్మదినమైన జూలై 28వ తేదియే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినము. 1980 తరువాతి సంవత్సరములలో టీకా విదేశములందు లభ్యమయ్యెను గాని, మన దేశమున దాని ధర ఒక్క మోతాదునకే వందలకొలది రూపాయలై సామాన్యునకు అందకుండెను.

ఆ లోటును తీర్చినవాడు ఒక తెలుగువాడు. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి గారు వైద్యులు కారు. ఎలక్ట్రానిక్సు చదివిన ఇంజనీరు. 1992లో జెనీవాలో జరిగిన యొక సమావేశమునకు పోయి ఈ వ్యాధి తీవ్రతను తెలిసికొని, టీకాను మన గడ్డమీదనే తయారుచేయింప సంకల్పించిరి. 1993లో తల్లిగారి పేరిట హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించిరి. మనవారు వెనుదీయగా ఒమాను దేశపు మంత్రివర్యులొకరు పెట్టుబడి నిచ్చి యాదుకొనిరి. 1997లో టీకా వెలువడినది. ధర యాబది రూపాయల ప్రాంతమునకు దిగినది. పిమ్మట ఉమ్మడి ఆంధ్రప్రదేశము శిశువుల టీకాలలో దీనిని ముందుగా చేర్చుకొన్న రాష్ట్రములలో నొకటి యయ్యెను. 2011 నాటికి దేశమంతట ఇది అమలులోనికి వచ్చెను. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రులలో పుట్టిన 24 గంటలలోపల మొదటి టీకాయు, 6, 10, 14 వారములకు తక్కినవియు ఉచితముగా వేయుచున్నారు. 2018 జూలై 28వ తేదీన భారతప్రభుత్వము జాతీయ హెపటైటిస్ నివారణ పథకము నారంభించి, పరీక్షలను మందులను ఉచితముగా నిచ్చుట కేర్పాటు గావించెను. ఒకనాడు ధనవంతునకే దొరికిన రక్షణ నేడు మన గుమ్మములోనికి వచ్చియున్నది. చేయి చాచుటయే మిగిలియున్నది.

కాని చిక్కు ఒకటి గలదు. ఈ టీకాలు బిడ్డలకు. పథకము రాకముందే పుట్టి, నేడు ముప్పది నలుబది యేండ్లవారై కత్తి పట్టి నిలుచున్న మన తరమువారిలో పెక్కురకు ఏ రక్షణయు లేదు. మనకు మనమే పూనుకొనవలసిన పని యిది.

ఇక మన దుకాణముల సంగతి. హెచ్.ఐ.వి. భయము వ్యాపించిన దినములనుండి సగము బ్లేడు పద్ధతి మనలో స్థిరపడినది. ఇది మెచ్చదగిన మార్పు. దానిని మనకు ఎవరును బలవంతముగా నేర్పలేదు. ఐనను కొన్ని సందులు పూడ్చవలసియున్నవి. మొదటిది పటికబిళ్ల. బ్లేడు క్రొత్తదే; గాటుమీద రుద్దిన పటిక మాత్రము ఉదయమునుండి రాత్రివరకు అందరికి ఒక్కటే. ఒకరి రక్తము మరియొకరి గాటునకు చేరుటకు ఇంతకంటె దగ్గర దారి లేదు. పటికను చిన్న పలుకులుగా కొట్టి ఒక్కొక్కరికి ఒక్క పలుకు వాడి పారవేయవలెను. లేదా పటికనీటిని చిలకరింపవలెను. రెండవది జుట్టు కత్తిరించు యంత్రము. దాని పండ్లు మెడవెనుక చర్మమును గీరును; ఒకరి తరువాత ఒకరికి తుడిచి వాడుట చాలదు, శుద్ధి చేయవలెను. మూడవది పనిముట్ల శుద్ధి. పరిమళపు నీటిలో ముంచి తీసినంతమాత్రమున వైరసు చావదు. లోహపు పనిముట్లను కడిగి కనీసము 20 నిమిషములు మరగించవలెను. నాల్గవది మన వ్రేలిగాటు. దానికి కట్టు లేనిదే గడ్డము ముట్టరాదు. అయిదవది వాడిన బ్లేడు. రోడ్డుప్రక్క బోదెలోనికి విసరిన బ్లేడు చెత్త నెత్తు తల్లి చేతిని కోయును. గట్టి డబ్బాలో వేసి మూతపెట్టవలెను. తలనీలాలు తీయు పుణ్యక్షేత్రములందు పనిచేయు మనవారు పర్వదినముల రద్దీలో సైతము తలకొక్క క్రొత్త బ్లేడు నియమమును విడువరాదు. భక్తుడు మ్రొక్కు తీర్చుకొనుటకు వచ్చినాడు. వ్యాధిని గొనిపోవుటకు రాలేదు.

దోషము మన వృత్తియందే యున్నదని భ్రమపడకుడు. సూదిమందు వేసినగాని వైద్యము చేసినట్లు కాదను మూఢవిశ్వాసము మన పల్లెలలో ప్రబలియున్నది. 2009లో గుజరాతు రాష్ట్రమున సాబర్‌కాంఠా జిల్లాలోని మోడాసా పట్టణ ప్రాంతమున వాడిన సిరంజులనే మరల వాడుటవలన హెపటైటిస్ బి చెలరేగి అనేకుల ప్రాణములను గొనెను. అవసరములేని సూదిని కోరకుడు. అవసరమైనపుడు క్రొత్త సిరంజిని మీ కన్నులయెదుట విప్పుమని యడుగుడు. అడుగుట అమర్యాద కాదు.

మనలో నాటువైద్యము నెరిగిన పెద్దలు గలరు గనుక నేల ఉసిరికను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఈ మొక్క యెడల విజ్ఞానశాస్త్రము చులకన చూపలేదు. బ్లూంబర్గు మహాశయుడే దీనిని పరిశోధించెను. 1988లో మద్రాసు శాస్త్రజ్ఞులు దీనివలన కొందరిలో వైరసు తొలగినట్లు ప్రకటింపగా లోకమంతయు ఆశపడినది. కాని పిమ్మట ఇతరులు జరిపిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. మన తాతలు నమ్మిన మొక్కను మేము నిందింపము. పరీక్షకు నిలువనిదానిని నమ్మి కాలము పోగొట్టుకొనరాదని మాత్రము చెప్పుచున్నాము. కామెర్లు వాతలవలన తగ్గినవనుట కూడ పొరపాటు. తమంతట తగ్గు కామెర్లే తగ్గినవి, వాత మచ్చ మిగిలినది. హెపటైటిస్ బికి టెనోఫోవిర్, ఎంటెకావిర్ అను మాత్రలు గలవు. అవి వైరసును నిర్మూలింపవు గాని అణచి కాలేయమును కాపాడును. అందరికి అవసరము లేదు. ఎవరికి అవసరమో వైద్యుడు నిర్ణయించును. ఆరంభించినవారు బాగున్నదని తమంతట మానరాదు. మానినచో వైరసు విజృంభించి ప్రాణాపాయము కలుగవచ్చును. మద్యము ఈ వ్యాధిగ్రస్తునకు విషము. ఇది మన యువకులు ముఖ్యముగా వినవలసిన మాట.

వ్యాధి యున్నవారిని వెలివేయుట మహాపాపము. ఒకే పంక్తిని కూర్చుండి భుజించుటవలన ఇది రాదు. చేయి పట్టుకొనుటవలన, ఒకే గ్లాసుతో త్రాగుటవలన, బిడ్డను ఎత్తుకొనుటవలన రాదు. టీకా వేయించిన బిడ్డకు తల్లి నిరభ్యంతరముగా పాలీయవచ్చును. వివాహమునకు సైతము ఇది యడ్డు కాదు; జీవిత భాగస్వామికి పరీక్షచేసి మూడు మోతాదుల టీకా ముందుగా వేయించిన చాలును. ఒకప్పుడు మన ముఖము శకునమునకు పనికిరాదనిన లోకమును మనమెరుగుదుము. ఆ యవమానపు రుచి చూచిన మనము మన యింటిలోని రోగికి అదే యవమానమును వడ్డింపవచ్చునా?

ఇప్పుడు మా హితుల ప్రశ్నకు వత్తుము. గిరాకి పోవునా? వచ్చినవాని యెదుట క్రొత్త బ్లేడు విప్పి, ఇచట పనివారందరును టీకా వేయించుకొనిరని గోడమీద వ్రాసియుంచిన దుకాణమునకు జనులు వత్తురా, రారా? మీరే యోచింపుడు. దాచిన దుకాణమే అనుమానమునకు తావిచ్చును. తెరచిచెప్పిన దుకాణము నమ్మకమును సంపాదించును. నమ్మకమే మన మూలధనము. తన కంఠముమీద కత్తి యుంచనిచ్చి కన్నులు మూసికొని నిద్రించువాడు మనలను ఎంతగా నమ్మెనో ఎన్నడైన తలపోసితిమా?

కావున ఈ మహాసభ ఆమోదమునకు మేము నాలుగు సూచనలను సమర్పించుచున్నాము. ఒకటి: మన మండలములో కత్తి పట్టు ప్రతివారును, వారి భార్యలును ముందుగా రక్తపరీక్ష చేయించుకొనవలెను, వ్యాధి లేనివారు మొదటి దినమున, ఒక నెలకు, ఆరు నెలలకు మూడు మోతాదుల టీకాను తీసికొనవలెను. రెండు: పెద్దవారు ఈ టీకాను సామాన్యముగా కొనుక్కొనవలసియుండును గనుక, పేదలగు పనివారికొరకు సంఘము ఒక నిధి నేర్పరుపవలెను. పోషకులారా! ఫలకముమీద పేరు చెక్కించు దానములు పెక్కు చేసితిరి. ఒక పనివానికి మూడు మోతాదులు వేయించు దానమునకు ఫలకముండదు; ఒక నిండు కాలేయము సాక్షిగా నుండును. మూడు: మన యిండ్లలోని ప్రతి గర్భిణికిని ఈ పరీక్ష జరిగినదా, పుట్టిన బిడ్డకు 24 గంటలలో టీకా పడినదా యని సంఘపు స్త్రీలు ఆశా కార్యకర్తలతో కలిసి విచారింపవలెను. మంత్రసానుల మనుమరాండ్రకు ఇది క్రొత్త పని కాదు. నాలుగు: వ్యాధి యున్నట్లు తేలినవారి పేరు సంఘములో ఎవరును బయటపెట్టరాదు, వారిని ప్రభుత్వాసుపత్రికి గొనిపోవు బాధ్యత మాత్రము సంఘము వహింపవలెను.

ఈ నాలుగింటిలో మొదటిదానిని మేము వచ్చువారము మాతోనే యారంభింతుము. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు ఉదయము తొమ్మిది గంటలకు పోవుదుము. మాతో రాదలచినవారు సభానంతరమున పేరు వ్రాయింతురుగాక. నిన్న మమ్ము మందలించిన హితుల పేరు కూడ ఆ జాబితాలో చూడవలెనని మా కోరిక. వారు ముందువరుసలో చిరునవ్వుతో కూర్చుండియున్నారు గావున ఆశ గలదు.

 మీ చేతులు చల్లగా నుండుగాక. మీ చేతులవలన లోకము చల్లగా నుండుగాక.

స్వస్తి.